అమ్మ సగంలో దిగివచ్చిన కొండ

తొంభైల్లో, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, స్టీల్‌ప్లాంట్‌లో నాన్న సెక్షన్‌వాళ్లు మూడు కుటుంబాలు కలిసి అనంతగిరి వైపు క్యాంపుకి వెళ్దామనుకున్నారు. మేముండే ఉక్కునగరం నుంచి వ్యాన్ మాట్లాడుకున్నాం. టెంట్లు ఎవరో ఎన్‌సీసీ మాస్టారిని అడిగి తెచ్చారు.

సరదాకని ఊరు దాటడం అమ్మకి అదే మొదలు. గోదావరి జిల్లా పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. పెళ్లయి వచ్చాక నాన్న షిఫ్టుల్ని బట్టే ఆవిడ రోజు గడిచేది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఆయన పడుకుంటే కుక్కర్ కూడా పెట్టేది కాదు, విజిల్‌కి మెలకువొస్తుందని.

టెంట్ల వెనకాల ఒక కొండ ఉంది. చెట్లు లేవు, అంతా గడ్డి, బండలు. మొదటి రోజంతా అమ్మ మిగతా ఆడవాళ్లతో వండుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే, నాన్న పక్కన పడుకున్న చెల్లిని కదపకుండా, నన్ను తట్టి లేపింది.

"పైకెళ్లొద్దామా? వీళ్లంతా లేచేలోపు వచ్చేద్దాం."

కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. జారుతున్నాయని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. గడ్డి అంతా మంచుకి తడిసి ఉంది. నేను ఆయాసపడి ఎక్కడికక్కడ కూలబడుతుంటే అమ్మ మాత్రం బండలకి మోకాళ్లు ఆనించి ఎక్కేస్తోంది. "రావే, ఇంకాస్తే!" అని పైనుంచి అరిచింది. అమ్మ అంత గట్టిగా అరవడం నేను అంతకుముందు వినలేదు.

చివరి బండలు కనిపిస్తుండగా కింద నుంచి నాన్న గొంతు వినిపించింది. చేతులూపుతూ పిలుస్తున్నారు. గాలికి మాటలు తెలియడం లేదు.

అమ్మ మొహం మారిపోయింది. "చెల్లికేమైనా అయిందేమో."

"పైదాకా వెళ్లి దిగుదామమ్మా" అన్నాను. వినలేదు. దాదాపు పరుగెత్తింది. ఒకచోట జారి అరచెయ్యి గీరుకుపోయింది.

మేం వచ్చేసరికి చెల్లి హాయిగా నిద్రపోతోంది. నాన్న కిరోసిన్ స్టవ్ ముందు కూర్చుని ఉన్నారు.

"పంచదార డబ్బా ఎక్కడ పెట్టావ్? అందరూ టీ కోసం చూస్తున్నారు."

అమ్మ సంచిలోంచి డబ్బా తీసిచ్చింది, అంతే. నాన్న చెడ్డమనిషి కాదు. ఆ చెయ్యి చూసి, "అయ్యో, అంత కంగారేంటి" అంటూ తనే కట్టు కట్టారు. మేం ఎంతవరకు ఎక్కామో ఆయనకి తెలీదు. అమ్మ చెప్పలేదు.

టిఫినయ్యాక మళ్లీ ఎక్కుదామన్నాను. వ్యాన్ డ్రైవర్ ఒప్పుకోలేదు. "మబ్బు దిగిపోతంది, బేగి బయల్దేరాలమ్మా. ఘాట్‌లో రోడ్డు అవుపడదు."

"ఇంకోసారి వద్దాంలే" అంది అమ్మ.

ఆ ఇంకోసారి రాలేదు. నాన్నకి సెలవు దొరికితే మాకు పరీక్షలు. మా చదువులయ్యేసరికి అమ్మకి మోకాళ్ల నొప్పులు. రెండువేల సంవత్సరం దాటాక వన్ టౌన్‌లో ఉద్యోగం చేస్తూ, ఆఫీసువాళ్లతో అటు వెళ్లినప్పుడు ఆ కొండ పూర్తిగా ఎక్కాను. అమ్మ ఆగిపోయిన చోటు నుంచి నిజంగా ఎంతో దూరం లేదు. ఇంకా చాలా దూరం ఉండుంటేనే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చాక, వంకాయలు తరుగుతూ అమ్మ అడిగింది, "పైన ఏముంది?"

"ఏం లేదమ్మా. అవతల ఇంకో కొండ, దాని వెనకాల మరోటి." పెద్దగా పోగొట్టుకున్నదేమీ లేదని తనకి అనిపించాలని అలా చెప్పాను.

అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"అవన్నా చూసేదాన్ని కదే" అంది.