మా మామ తొక్కిన బ్రేకు

నాకు రాయడం కొత్త. ఐదో తరగతితో బడి మానేసి స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. నా అక్షరాలు గతుకుల్లో పడిన బండిలా అటూ ఇటూ పోతుంటే మీరే సర్దుకుని చదవండి. రెండుసార్లు రాసి కొట్టేశాను కూడా. రాతకు భయపడి కాదు, చెప్పబోయే సంగతికి సిగ్గుపడి. ఒక్క పూటలో నేను ఒక బండిని, ఒక పెద్దమనిషి తలపాగాను, ఎద్దులు వేసవంతా తినాల్సిన మేతను, నా పరువును కలిపి ఒకే కుప్ప చేశాను. ఎలాగో వినండి.

అప్పుడు నేను కర్నూలులో ఒక చెనక్కాయల షావుకారు దగ్గర డ్రైవరును. ఆయన పికప్పు బండి యుద్ధంలో పనిచేసి, అక్కడ పనికిరాక మా దగ్గరికి వచ్చింది. నాకు ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. "రోడ్ల మీద తిరిగేవాడికి పిల్లనెవరిస్తారు?" అని అప్పటికే రెండు ఇళ్లవాళ్లు మొహం తిప్పుకున్నారు. చివరికి గాజులమ్మే హుసేన్ సాబు, ఊరూరా ఆడపిల్లల చేతులు చూసినవాడు కదా, కోడుమూరు దగ్గర ఒక పల్లెలో సంబంధం చూశాడు. పిల్ల తండ్రి లింగన్న మంచి రైతు. "ఇది గూడా తప్పిపాయనంటే నేనింక ఎతకను" అని మా అమ్మ తేల్చి చెప్పింది.

బయల్దేరేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పింది.

"మాట ఖాయమయ్యే దాకా పిల్ల తండ్రితో నేరుగా మాట్లాడొద్దు నాయినా. ఏమున్నా సాబుతో చెప్పించు."

మావైపు అది మర్యాద. ఆ మర్యాదే నన్ను ముంచింది.

షావుకారును బతిమాలి బండి తీసుకుని, సాబును ఎక్కించుకుని పోయాను. ఊరు కనపడేసరికి బ్రేకు మెత్తబడింది. ఒకసారి తొక్కితే పిండిలో కాలు పెట్టినట్టుంది. మూడోసారి తొక్కితే, మా కోసం పరిచిన చాప అంచున బండి నిలిచింది.

"ఏమప్పా సాబూ, మీ పిల్లోడు బండితోనే నట్టింట్లోకి వస్తాడనుకుంటి!" అన్నాడు లింగన్న.

అందరూ నవ్వారు. తలుపు వెనక గాజులు కూడా నవ్వాయి. అక్కడే నాకు పట్టింది పిచ్చి. నేను ఉత్త డ్రైవరును కాదు, మెకానిక్కును కూడా అని చూపించాలనుకున్నాను.

బ్రేకు మెత్తబడితే ఆయిలు గొట్టంలో గాలి చేరిందని అర్థం. ఒకరు పైన కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి. ఇంకొకరు కింద పడుకుని చక్రం వెనకున్న చిన్న మరను వదులు చేస్తే గాలి బయటికి పోతుంది. మర మళ్లీ బిగించేదాకా పైనున్న కాలు లేవకూడదు. లేచిందా, పోయిన గాలి చుట్టాలను వెంటబెట్టుకుని తిరిగొస్తుంది.

"తొక్కేదానికి ఒక మనిషి కావాల సాబూ."

"నేను తొక్కుతా!" అని లింగన్న పంచె ఎగ్గట్టాడు. "మోటార్లో కూచోవాలని శానా దినాలాయ."

కాబోయే మామ సీట్లో. నేను చక్రం కింద. మధ్యలో సాబు.

"సాబూ, తొక్కి పట్టమని చెప్పు."

"లింగన్నా, మా పిల్లోడు ఏమంటాండాడంటే, మీకు తొందర లేకుంటే, ఆ బ్రేకు రవ్వంత తొక్కి పట్టాలంట."

"యా కాలితో?"

"యా కాలితో అంటాండాడప్పా."

"కుడికాలు!"

"కుడికాలంట లింగన్నా. శుభమే."

మర వదులు చేశాను. అప్పుడు బ్రేకు కాలి కింద దిగిపోతుంది, అది దాని గుణం. లింగన్నకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

"అయ్యో, లోపలికి పోతాండాది! ఇరగ్గొడితినేమో!" అని కాలు తీసేశాడు.

"సాబూ, ఎత్తొద్దని చెప్పు!"

"లింగన్నా, మా పిల్లోనికి మీరంటే శానా గౌరవం. అయితే ఏమంటాండాడంటే..."

"నేను ఎత్తేస్తి గదా!"

"ఎత్తేసినాడంటప్పా."

"తెలుస్తాండాది సాబూ!"

తల బయటపెట్టి "మామా, కాలు ఎత్తొద్దు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మళ్లీ తొక్కించాను, మళ్లీ ఎత్తాడు. సాబు మర్యాద పెరిగేకొద్దీ గొట్టంలో గాలి పెరిగింది. ఊరు మొత్తం చేరింది. సీట్లోంచి లింగన్న వాళ్లకు "నేను తొక్కితేనే బాగయ్యేదంట!" అని చెప్పుకుంటున్నాడు. నా దగ్గరున్న ఆయిలు డబ్బా ఖాళీ అయింది. బ్రేకు, బురదలో పడుకున్న ఎనుములా, ఇక లేవలేదు.

"అయ్యిందా అని అడుగుతాండారప్పా" అన్నాడు సాబు.

ఇంతమంది ముందు చెడగొట్టానని ఎలా చెప్పను?

"అయ్యింది" అన్నాను.

"అయితే ఒక సుట్టు తిప్పుకోని రమ్మను" అని లింగన్న పక్క సీట్లోకి జరిగాడు.

కాదంటే పరువు పోతుందని స్టీరింగు ముందు కూర్చున్నాను. చేతి బ్రేకు నేను పనిలో చేరకముందే చచ్చిపోయింది. సాబు వెనక ఎక్కాడు. నిదానంగా పోదాములే అనుకున్నాను. కానీ ఆ వీధి వాలుగా కళ్లంలోకి దిగుతుందని నాకేం తెలుసు? బండి కట్లు తెంచుకున్న ఎద్దయింది.

"ఈడ ఆపు! మా అన్న ఇల్లు!" అన్నాడు లింగన్న.

నేను తల వెనక్కి తిప్పి అరిచాను. "సాబూ, ఆగదని చెప్పు!"

సాబు పైనుంచి వంగాడు. "లింగన్నా, మా పిల్లోడు ఏమంటాండాడంటే..."

మిగతాది జొన్న చొప్ప వామి చెప్పింది. బండి వామిలోకి దూరింది, వామి మా మీద కూలింది. బయటికి లాగితే లింగన్నకు తలపాగా లేదు, మీసాల నిండా చొప్పాకు. చొప్ప లాగుతున్న ఆడవాళ్లలోంచి ఒక గొంతు వినపడింది.

"ఆగదని నీ నోటితోనే చెప్పుంటే ఏం పోతాండె?"

తలెత్తి చూశాను. సుంకులమ్మ. నేను చూడటానికి వచ్చిన పిల్ల. పిల్లను చూసిన ఘడియలోనే సంబంధం పోయిందనుకుని తల దించుకున్నాను.

"ఏం లింగన్నా, మోటారు నువ్వే బాగు చేసినావంట గదా!" అన్నాడొకడు.

"ఎవురప్పా ఈ డ్రైవరు? యాడోడు?" అన్నాడింకొకడు.

లింగన్న నన్ను చూశాడు, వామిని చూశాడు, పళ్లన్నీ బయటపెట్టిన ఊరిని చూశాడు. ఎవడో పరాయివాడి బ్రేకు తానే తొక్కి, తన వామి తానే కూల్చుకున్నాడంటే ఆ ఊళ్లో ఇక తిరగగలడా?

"ఎవురేంది? మా అల్లుడు!" అన్నాడు గట్టిగా. "మా అల్లుడు, మా వామి. మధ్యలో మీకేమి?"

అలా ఖాయమైంది మా పెళ్లి. తాంబూలాల కంటే ముందు నేను చేసిన పని వామి మళ్లీ వేయడం.

ఆ రోజే చొప్ప మీద నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ప్రాణం పోయినా సరే, మెత్తబడిన బ్రేకు ఏ మామ చేతా తొక్కించను. ఒట్టు తప్పలేదు. నాకున్నది ఒక్క మామే, ఆయన మళ్లీ బండెక్కలేదు.

తప్పులుంటే మన్నించండి. ఇంత సిగ్గు కాగితం మీద పెట్టినందుకైనా, దయచేసి కొంచెం తక్కువ నవ్వండి.