రంపచోడవరంలో ఇల్లుబండి మజిలీ

రాజమహేంద్రవరంలో మా వీధివారికి తీర్థయాత్ర అంటే వీరబ్రహ్మం గారి ఇల్లుబండే. ఆయనది వడ్రంగుల కుటుంబం. తొంభైల తొలినాళ్ళలో ఎవరో వదిలించుకున్న పాత వ్యానును తెచ్చి, దాని లోపలంతా టేకు చెక్కతో స్వయంగా కట్టుకున్నారు. పగలు కూర్చునే బల్లలే రాత్రి మడత విప్పితే పడకలయ్యేవి. వెనుక తలుపు కిందికి వాల్చితే వంటగట్టు. పైన నీళ్ళ పీపా, దానికొక కుళాయి. ఏ మూలా చీర కొంగు చిక్కుకునేది కాదు, ఏ గొళ్ళెమూ రెండోసారి నెట్టించుకునేది కాదు. ఆ పనితనాన్ని చేత్తో తడిమి చూడనివారు మాలో లేరు.

బండి తోలడంలోనూ ఆయనకు ఆ శ్రద్ధే. ఎక్కడ ఆగినా ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరేవారు. ఆయన భార్య శ్యామలాంబ గారు అదే సమయంలో పొయ్యి వెలిగించేవారు. కింద నుంచి ఆయన "పద్నాలుగు" అంటే, కూర కలుపుతూనే ఎడంచేత్తో ఆ నంబరు పానా అందించేవారు. మేము చూడవలసినవి చూసి వచ్చేసరికి అన్నం సిద్ధం, బండి సిద్ధం. కాశీలో మేము గంగ ఒడ్డున గడిపిన పూటంతా ఆ దంపతులు చూసిన గంగ, బండి కడగడానికి ఎవరో తెచ్చిపెట్టిన బిందెడు నీళ్ళే. ఈ సంగతి చాలా ఏళ్ళు మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక కార్తీకంలో భద్రాచలానికి బయలుదేరాము. దారిలో రంపచోడవరం దగ్గర జలపాతం చూసి, అక్కడే వనభోజనం చేసి, వెలుగుండగానే మారేడుమిల్లి ఘాటు దాటాలని సంకల్పం. ఎన్నడూ ఏదీ అడగని శ్యామలాంబ గారు బయలుదేరేముందు భర్తతో అన్నారు:

"ఈసారి నేనూ చూత్తానండి. మన కాలవల్లో నీళ్ళు ఎప్పుడూ పడుకునే ఉంటాయి. నిలబడ్డ నీళ్ళు ఎలా ఉంటాయో చూడాలనుంది."

"అలాగే. ఈసారి నువ్వు చూసొచ్చాకే పొయ్యి" అని ఆయన అందరి ముందూ మాటిచ్చారు. ఆమె తడవడానికని ఒక పాత చీరను విడిగా సంచిలో పెట్టుకున్నారు.

కోరుకొండ దాటాక రోడ్డు మీద ఒక రైతు వరి పనలు పరిచి, వచ్చేపోయే బళ్ళతో తొక్కించుకుంటున్నాడు. మాతో వచ్చిన పాపాయమ్మ గారు ఆత్రేయపురం మోతుబరి ఇంటి ఆడపడుచు. పనలు చూడగానే ఆమె ప్రాణం లేచి వచ్చింది.

"ఓ బ్రహ్మం, ఆగవయ్యా. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తోలు. పాపం, నూర్పు తెమిలిపోతుంది."

"కింద తిరిగే షాఫ్టుకి గడ్డి చుట్టుకుంటాదండి, పాపాయమ్మ గారూ."

"గడ్డికే బెదిరిపోయే బండా నీది? నువ్వు తినే అన్నం ఆ గడ్డిలోంచి కాదూ వచ్చింది?"

మేమంతా వంత పాడాము. అందరమూ వరి పండించిన ఇళ్ళవాళ్ళమే. ఆ రైతు చేతులెత్తి దండం పెడుతుంటే ఇక వీరబ్రహ్మం గారు ఏమనగలరు? ముందుకు తోలారు, వెనక్కు తోలారు. గింజలు చక్రాల కింద చిటపటలాడుతుంటే పాపాయమ్మ గారు కిటికీలోంచి చంటిబిడ్డను చూసినట్టు మురిసిపోయారు.

జలపాతానికి పోయే కాలిబాట దగ్గర బండి ఆగగానే మాడు వాసన వచ్చింది. వీరబ్రహ్మం గారు కిందికి దూరి, కొడవలి అడిగి పుచ్చుకున్నారు. షాఫ్టుకు గడ్డి మోకులా పేనుకుపోయింది. దాని ఒరిపిడికి నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు చిరిగి, నూనె బొట్లుబొట్లుగా కారుతోంది. కొత్త సీలు ఆయన పెట్టెలోనే ఉంది కాని, షాఫ్టు దింపి మళ్ళీ ఎక్కించాలి. శ్యామలాంబ గారి చేతి సాయం ఉంటే వెలుగుండగానే బయలుదేరవచ్చు. లేకుంటే చీకటి పడుతుంది. చీకట్లో ఆయన ఘాటు ఎక్కరు. అంటే, మరునాటి ఉదయం భద్రాద్రి రాముడికి పాపాయమ్మ గారు మొక్కుకున్న అర్చన తప్పిపోతుంది.

"శ్యామలా, జలపాతం ఎక్కడికీ పోదే అమ్మా. వచ్చే ఏడు చూద్దువుగాని" అన్నారు పాపాయమ్మ గారు.

శ్యామలాంబ గారు చేతిలోని పాత చీరను మడత చెడకుండా మళ్ళీ సంచిలో పెట్టి, పానాల పెట్టె దగ్గరకు వచ్చి కూర్చున్నారు.

వీరబ్రహ్మం గారు కింద నుంచి బయటికి వచ్చారు. చేతులు తుడుచుకుని, "ఆ చీర బయటికి తియ్యి" అన్నారు.

"పని ఉంది కదండీ."

"పని నాది. నువ్వెళ్ళు." తరువాత మావైపు తిరిగి, ఎప్పటి మర్యాదతోనే చెప్పారు: "తొక్కించింది తమరు. తొక్కింది నేను. శిక్ష ఈవిడకెందుకండి? రాత్రికి ఇక్కడే పడుకుందాం. పడకలు కట్టింది అందుకే గదండీ."

పాపాయమ్మ గారే ముందుగా నడుముకు కొంగు బిగించారు.

"సరేనయ్యా, నాకు చెప్పాల్సింది చెప్పావు. రాముడికి నేను సర్దిచెప్పుకుంటాను. ఆ పానాలు ఇటు తొయ్యి. ఒసే శ్యామలా, ఇంకా నిలబడ్డావేం? ఎల్లు!"

కొందరు శ్యామలాంబ గారిని వెంటబెట్టుకుని వెళ్ళారు. మిగిలినవాళ్ళం పొయ్యి దగ్గర వంకాయలు తరిగాము. పాపాయమ్మ గారు గోనెపట్టా పక్కన చతికిలబడి పానాలు అందించారు.

"ఇదేనా?"

"కాదండి, దానన్న."

"ఇదీ?"

"అది తమ్ముడండి."

"ఇంత సంసారం పెట్టుకున్నావేంటయ్యా పెట్టెలో!"

షాఫ్టు కిందికి దిగేసరికి ఎండ చెట్ల నెత్తి మీదికి పోయింది. అప్పుడు బండి పక్కన రెండు తడి పాదాలు వచ్చి ఆగాయి. చీర అంచు నుంచి నీళ్ళు కారి గోనెపట్టా తడుస్తోంది. కింద నుంచి వీరబ్రహ్మం గారు అడిగారు:

"ఎలా ఉంది?"

"ఏం చెప్పనండి? పక్కనున్న మనిషి పిలిచినా వినబడదు. నన్నెవరూ ఏ పనికీ పిలవలేదు." ఆమె నవ్వారు, మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. "రేపు పొద్దున్న మీరూ చూడాలి."

"చూద్దాంలే. పద్నాలుగు ఇలా ఇవ్వు."

మరునాడు తెల్లవారాక బండి సిద్ధమైంది. పాపాయమ్మ గారు బండి తాళంచెవి కొంగున ముడివేసుకుని, డ్రైవరు తలుపు మెట్టు మీద బైఠాయించారు. ఆయన జలపాతం చూసి వస్తేగాని లేవనన్నారు. బండిని వదిలి వీరబ్రహ్మం గారు అంత దూరం నడవడం మేము చూడటం అదే మొదలు. కాలిబాట మలుపు తిరిగేలోపు ఆయన ఎన్నిసార్లు వెనక్కి చూశారో! పక్కన నడుస్తున్న శ్యామలాంబ గారు ఆయన మోచెయ్యి పట్టుకుని ముందుకు తిప్పారు.

తిరిగివచ్చినప్పుడు ఆయన తల నుంచి నీళ్ళు ఓడుతున్నాయి. తిన్నగా బండి కిందికి దూరి, కొత్త సీలును వేలితో తడిమి, పొడిగానే ఉందని మాకు చూపించారు.

తరువాతి యాత్రల నుంచి బండికి కొత్త పద్ధతి వచ్చింది. ఎక్కడ ఆగినా ఆ దంపతులు ముందు వెళ్ళి చూసి రావాలి. ఆ తరువాతే గోనెపట్టా, ఆ తరువాతే పొయ్యి. మాకు అన్నం బాగా ఆలస్యమయ్యేది. ఆకలికి ఎవరైనా సణిగితే పాపాయమ్మ గారు కొంగున ముడివేసుకున్న బండి తాళంచెవి ఎత్తి చూపించేవారు.