మా అత్త గినీకోడి గుడ్డు

విప్లవంలో నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే మా అత్త ఉస్తీన్యా "గుడ్లాటలో మోసం చేశాను" అంటుంది. అబద్ధం కాదు.

ఈస్టర్ నాడు రష్యాలోని మా ఇవానొవో ఊళ్లో గుడ్డుతో గుడ్డు కొట్టి ఆడతారు. పగిలిన గుడ్డు పగలగొట్టినవాళ్లకే. ఉల్లిపొట్టు వేసి ఉడికిస్తే అన్నీ ఒకే ఎరుపు. మా అత్త ఏటా వాటిలో ఓ గినీకోడి గుడ్డు కలిపేస్తుంది. కాస్త చిన్నదే గానీ పెంకు మహా గట్టి. కాపరానికొచ్చిన తొలి పండగకే నన్నూ దోచేసింది, మహాతల్లి!

ఆ విప్లవం వచ్చిన 1905లో ఆమె బట్టల మిల్లులో నేతపని చేసేది. అప్పుడామెకు ఏడో నెల. ఆ రోజుల్లో ఆడవాళ్లు మగ్గం దగ్గరే నొప్పులు పడేవారు. కాన్పుకి సెలవు కావాలని దొంగచాటుగా అచ్చేసిన కరపత్రాలను చర్చి దగ్గర మిల్లు ఆడవాళ్లకు అందించే పని ఆమె నెత్తినేసుకుంది. ఈస్టర్ నాడు వాటిని బుట్ట అడుగున పరిచి, పైన ఒక్క వరస గుడ్లు పేర్చి బయల్దేరింది.

వంతెన మీద పోలీసు ఖారితోన్ ఎదురయ్యాడు.

"క్రీస్తు లేచాడు, ఉస్తీన్యా!"

"నిజంగా లేచాడయ్యా!"

"మరి ఆడకుండానే పోతావా? తియ్ గుడ్డు!" అంటూ ఖారితోన్ జేబులోంచి తన గుడ్డు తీశాడు.

పండగపూట కాదంటే అనుమానం. పైగా గినీకోడి గుడ్డు ఎటు పెట్టిందో కంగారులో మరిచిపోయింది. ఒకటి పగిలింది, ఇంకోటి పగిలింది, మూడోదీ పోయింది. బుట్టలో ఓ మూల తెల్ల కాగితం తొంగిచూసింది.

"ఇవాళ బుట్టంతా నాదే!" అని ఖారితోన్ పకపకా నవ్వాడు.

అప్పుడే ఆమె వేళ్లకు చిన్న గుడ్డు తగిలింది.

"మిడిసిపడకు. ఈసారి గెలిస్తే నావన్నీ నాకిచ్చెయ్యాలి."

"ఓడితే?"

"బుట్టతో సహా పట్టుకుపో!"

కొట్టింది. అతని గుడ్డు నుజ్జయింది. ఖారితోన్ మొహం మాడ్చుకుని, గెలిచిన గుడ్లన్నీ తన చేత్తోనే ఆ కాగితం మీద పేర్చాడు.

కరపత్రాలు చేరాయి. మే నెలలో మిల్లు ఆగింది. రెండు నెలలు దాటి సాగిన ఆ సమ్మెలోనే మా ఆయన మగ్గం దగ్గర కాకుండా ఇంట్లో, మంచం మీద పుట్టాడు.

ఇప్పటికీ ఈస్టర్‌కి మా పిల్లలు ఓడిపోయి "నానమ్మ మోసం!" అని గోలపెడతారు.

"ఈ మోసమే చెయ్యకపోతే మీ నాన్న జైల్లో పుట్టేవాడర్రా" అంటూ మా అత్త గెలిచిన గుడ్లు ఒలిచి, ఉప్పద్ది, మళ్లీ వాళ్ల నోట్లోనే పెడుతుంది.