లేని కొండ కొలతలు

భూగర్భశాస్త్రం చెప్పడమంటే పిల్లల్ని రాయి ముందు నిలబెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమనడమే. టెక్కలిలో డిగ్రీ పాఠాలు మొదలుపెట్టిన రోజు నుంచీ ఈ మాటే అంటున్నాను. వినేవాడేడీ! సిలబస్ ఎప్పుడవుతుందని అడుగుతారు.

మొన్న ఆఖరి సంవత్సరం పిల్లల్ని మందస వైపు ఒక కొండ దగ్గరికి తీసుకెళ్లాను. ఏటా వెళ్లే చోటే. తీరా చూస్తే కొండ లేదు, గ్రానైటు కోసం క్వారీవాళ్లు తవ్వుకుపోయారు. నీళ్లు నిండిన పెద్ద గొయ్యి మిగిలింది. పిల్లలు బస్సు దిగారు, సెల్ఫీలు దిగారు, పులిహోర తిన్నారు. వారం తిరక్కుండా రికార్డులు తెచ్చారు. అందరి రికార్డుల్లోనూ కొండ ఉంది! ఎత్తు, వాలు, నెత్తిన ఒంటి తాటిచెట్టుతో సహా. సీనియర్ల రికార్డు చూసి దించారు. ఆ సీనియర్లు వాళ్ల సీనియర్లది దించారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా అన్నిటి మీదా సంతకం పెట్టాను, పెట్టకపోతే క్లాసు క్లాసంతా తప్పుతుంది.

ఒక్క అమ్మాయి మాత్రం గొయ్యి గీసింది. ఉద్దానం జీడితోటల వాళ్ల పిల్ల. ఇంటి దగ్గర నూతి లోతు చూసినట్టు తాడుకు రాయి కట్టి దింపి కొలిచిందట. తెగిన గోడ మీద రాతి చారలన్నీ వరసగా వేసింది. ఆ రోజు నాకు అన్నం తినకుండానే కడుపు నిండిపోయింది, అంత సంతోషం.

ప్రాక్టికల్ పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ అమ్మాయి రికార్డు పేజీలు తిప్పి, "అందరూ కొండ చూస్తే ఈవిడ గొయ్యి చూసిందా? అసలు ఫీల్డుకొచ్చిందా?" అన్నాడు. నేను వాదించాను. ఆయన వినలేదు, ఆ అమ్మాయిని ఫెయిలు చేసేశాడు. నా తోటి లెక్చరరు, "ఒగ్గెయ్ బావా, సప్లీ రాసీత్తాది" అన్నాడు. సప్లీలో గట్టెక్కకపోతే ఎమ్మెస్సీ సీటు పోతుంది, ఆ సంగతి అతనికీ తెలుసు.

సప్లీకి ముందు ఆ అమ్మాయి కొత్త రికార్డు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"సార్, కొండ రాసినోల్ల పుస్తకాల మీదా మీ సంతకమే, గొయ్యి రాసిన నా దాని మీదా మీ సంతకమే. ఇప్పుడేటి రాయమంతారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఎగ్జామినరు మళ్లీ ఆయనే.

"కొండే రాసెయ్యమ్మా" అన్నాను.

మర్నాడు రాసి తెచ్చింది. సంతకం పెట్టాను.