సాక్ష్యంలో మొదటి వాక్యం

సోమవారం ఉదయం వార్డులో డ్యూటీ అందుకుంటుండగా కబురు వచ్చింది, మా హెడ్ సిస్టరమ్మ ఇక లేరని. రాయపూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లలో ఆవిడ చేతి సూదిమందూ, నోటి చీవాట్లూ రుచి చూడని ఇల్లు లేదు. నాకు రెండోదే ఎక్కువ దక్కింది.

శ్రీకాకుళం జిల్లా నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి, ఆవిడ ఇంట్లోనే ఒక గదిలో దిగాను. మా నాన్న నన్ను బెల్టుతో కొట్టి పెంచాడు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, నా చేతులు తల మీదకు వెళ్లిపోయేవి. ఆవిడ చూశారు, అడగలేదు.

మా తెలుగు చర్చిలో కొత్తగా చేరినవాళ్లు ఒక ఆదివారం నిలబడి తమ జీవితం గురించి సాక్ష్యం చెప్పాలి. అందరిదీ "నేను భక్తిగల కుటుంబంలో పుట్టాను" అనే మొదలవుతుంది. నేనూ అదే రాసుకున్నాను. సిస్టరమ్మ బఠానీలు ఒలుస్తూ చదివారు.

"ఇది నువ్వు రాసినావా, అందరూ సెప్పేదే దింపీసినావా? దెబ్బ ఎక్కడుందో రాయకండా మందు రాసీస్తారేటి బేటీ?"

ఆ చలికాలమంతా ఆవిడ వంటింటి బల్ల దగ్గర రాశాను. బెల్టు అనే మాట దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. ఏడిస్తే ఓదార్చేవారు కాదు. టీ పెట్టి, "ఇంకో లైను" అనేవారు. నేను మొండిదాన్ననీ, అందుకే కొట్టాల్సి వచ్చిందనీ నాన్న చెప్పిందే ఇన్నాళ్లూ నమ్మాను. కాగితం మీద చూస్తే అక్కడున్నది ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల మీద మొదటిసారి జాలి కలిగింది. నిద్ర పట్టడం మొదలైంది.

చర్చిలో సగం చదివానో లేదో, సంఘపెద్ద లేచి, "ఇంటి గుట్టు సభలో ఎందుకమ్మా? కన్నతండ్రి కదా" అన్నారు. నేను కాగితం మడవబోయాను. సిస్టరమ్మ కూర్చున్నచోటి నుంచే, "దేవుడికి తెలిసిందే కదన్నా. మనం ఇంటే ఏటి పోద్ది?" అన్నారు. నేను చివరిదాకా చదివాను. ఆవిడ బతికించినవాళ్లలో నన్నూ కలుపుకుంటాను, గర్వంగా.

నా సాక్ష్యం అయిన తర్వాతి ఆదివారం సంఘపెద్ద గారి భార్య ఒక కాగితం పట్టుకుని లేచింది. "ఇది మా ఆయనకి కూడా సెప్పలేదు" అంది గానీ, అక్షరాలు కళ్లకు కనపడక తడబడింది. సిస్టరమ్మ తన కళ్లద్దాలు తీసి ఇచ్చారు. ఆమె వాటిని పెట్టుకుని చదువుతుంటే, అద్దాల్లేని కళ్లకు ఏమీ సరిగా ఆనకపోయినా, సిస్టరమ్మ మెడ నిటారుగా పెట్టి ఆమెవైపే చూస్తూ కూర్చున్నారు.