గోడ మీద మిగిలిన బాతు

ఈ పొద్దున డ్యూటీ బస్సులో ఫోను దానంతట అదే ఒక పాత ఫొటో చూపించింది. ఈ అరబ్బు దేశపు ఇండస్ట్రియల్ ఏరియాలో మా పాత లేబర్ క్యాంపు గది గోడ, దాని మీద రెండు బాతులు, ఒకటి రంగుల్లో, ఒకటి పెన్సిలు గీతల్లో.

హైదరాబాదులో పుట్టి పెరిగి, చీటికీ మాటికీ కోపం తెచ్చుకునే నన్ను ఆ గదిలో సొంత తమ్ముడిలా భరించినవాడు కింది మంచం అన్న, జగిత్యాల వైపు మనిషి. అప్పట్లో మేమిద్దరం ఒక కొత్త హోటల్లో, చైనా మేస్త్రీ కింద గోడలకు బొమ్మల కాగితం అంటించేవాళ్లం. ఏ బొమ్మకు వాళ్ల దేశంలో ఏం అర్థమో ఫోనులో వెతికి అన్నకు చెప్పడం నా వంతు: దేవదారు కింద కొంగలంటే దీర్ఘాయుష్షు, తామరల్లో జంట బాతులంటే విడిపోని ఆలుమగలు. ఊళ్లో వదిన అప్పటికే కిడ్నీలు పాడై ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది కాబట్టి పనిలో మిగిలిన ముక్కల్లో అన్న కొంగల కోసమే వెతికాడు. అవి మిగల్లేదు. దొరికింది ఒక్క మగబాతు ఉన్న సన్నటి పీలిక, దాన్నే తెచ్చి మంచం పక్కన అంటించుకున్నాడు. చాయ్‌కి వచ్చిన మేస్త్రీ అది చూసి, "వన్ మాఫీ గుడ్!" అంటూ, ఒక్కటే ఉంటే మంచిది కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, చెవి మీది పెన్సిలు తీసి, కాగితం అయిపోయిన చోట గోడ మీదే ఆడబాతును గీసిపెట్టాడు.

వీడియో కాల్లో వదిన చూసి నవ్వింది. "నీకు రంగులు, నాకు బొగ్గా? వచ్చేటప్పుడు పట్టుకరా, నేనే రంగులేసుకుంట."

"తెస్త తియ్యి," అన్నాడు అన్న.

హోటలు తెరిచేదాకా లీవు లేదన్నారు. నేను ఆఫీసులో బల్ల గుద్ది అరిచినా లాభం లేకపోయింది. వదిన పోయాక వచ్చింది లీవు. ఆ మధ్యాహ్నం అన్న ఏడవలేదు, పనిలో చేసినట్టే తడిగుడ్డ అద్ది, అంచులు నానబెట్టి, ఓపిగ్గా ఊడదీశాడు. మగబాతు ఒక్కటే చేతికొచ్చింది. గోడ మీద మిగిలినదాన్ని అరచేత్తో తడిమి, "దాన్ని చెరపనియ్యకు తమ్మీ," అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

రంగులేసేవాళ్లతో రెండుసార్లు కొట్లాడి ఆపాను. మూడోసారి నేను డ్యూటీలో ఉన్నాను, వచ్చేసరికి గోడంతా తెల్లగా ఉంది. ఇప్పుడా గదిలో ఏ దేశం కుర్రాళ్లుంటున్నారో, వాళ్లకది ఉత్త గోడే. నా ఫోనులో తప్ప ఆ జంట ఇంకెక్కడా కలిసి లేదు.

ఫొటో అన్నకు పంపాను. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఇంకున్నదా తమ్మీ, గోడ మీద?"

"ఉన్నదన్నా," అని రాసి పంపి, ఫోను ఒళ్లో బోర్లించుకుని కూర్చున్నాను.