శామీర్‌పేట దారిలో, ఆరేళ్లు ఎదురుచూసిన పువ్వు

మచ్చ బొల్లారంలో మా బాల్కనీలో ఉన్న స్లిప్పర్ ఆర్కిడ్ పోయిన చలికాలం పూసింది. పూసిందన్న మాటే గానీ పక్క రేకలు మెలికలు తిరిగి, పై రేక ముందుకు వాలిపోయి, నిద్ర చాలని మొహంలా ఉంది. ఫోటో తీసి మొక్కల వాట్సాప్ గ్రూపులో పెట్టి నా ఏడుపు ఏడ్చాను. రవీందర్ గారని మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో తోట ఉన్నాయన జవాబిచ్చారు. ఒంపులేని ఆకారం, ముదురు రంగు రెండూ ఒకే పువ్వులో రావాలని ఆయన రెండు మొక్కల్ని కలిపి ఆరేళ్లయిందట. "మొదటి మొగ్గ విచ్చుకుంటాంది మేడం, ఆదివారం రాండ్రి" అన్నారు. నేను ఆగుతానా?

పొద్దున్నే సుచిత్రలో మేడ్చల్ బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి. ఎనిమిదింటికల్లా మేడ్చల్‌లో దిగి, నాలుగు ఇడ్లీలు తిని, రెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. దారంతా వెంచర్ల బోర్డులే.

"ప్లాట్ చూడనీకి వోతున్నరా అక్కా?" అన్నాడు డ్రైవర్.

"కాదన్నా, పువ్వు చూడటానికి."

"ఒక్క పువ్వుకు గింత దూరమా!" అని అద్దంలో నన్నోసారి చూశాడు.

రవీందర్ గారు గేటు దగ్గరే ఉన్నారు. యాభై దాటిన మనిషి, పెళ్లిచూపులకు తయారైనట్టు ఇస్త్రీ చొక్కా. ముందు తల్లి మొక్కల్ని చూపించారు. "గీ పచ్చదాని రేకలు గుండ్రంగ నిలవడ్తయ్, రంగు సప్పగ. గా ఎర్రదాని రంగు మస్తు, రేకలు వాలిపోతయ్." ఒకదాని పుప్పొడి ముద్దను పుల్లతో తీసి, రెండోదాని ముందుండే చెప్పులాంటి సంచిని కత్తిరించి, లోపల అంటిస్తారట. కాయ పండాక ధూళిలాంటి గింజల్ని ల్యాబ్ సీసాల్లో మొలిపిస్తారు. మొక్క మొదట్లోంచి వచ్చే ఒక్కో పిలక జన్మలో ఒక్కసారే పూస్తుంది, ఆ పువ్వు పోతే కొత్త పిలక ఎదిగేదాకా ఆగాల్సిందే.

అసలు మొక్క దగ్గరికి వెళ్లాం. కాడ ఉంది, పువ్వు లేదు. ఆయన వంగి కుండీ చుట్టూ వెతికారు.

"నేనే తెంపిన కొడుకా" అంటూ వాళ్లమ్మ వచ్చింది. "మంచిగ పూస్తే మొదటి పువ్వు నీకే పెడ్తనని దేవునికి మొక్కుకున్న."

ఆరు ఎండాకాలాలు ఆ మొక్కల చుట్టూ తడి గోనెసంచులు కట్టింది ఆవిడే. "దాన్నుంచి ఇంకో తరం తియ్యాలనుకున్ననే అమ్మా" అని ఆయన అరుగు మీద కూలబడ్డారు.

పూజగదిలోకి వెళ్లి చూశాం. పటం ముందు పువ్వు, వంకర లేకుండా, గుండ్రంగా, వంకాయ రంగులో. "ఆకారం నిలవడ్డదే అమ్మా. రంగు ఇంక జర ముదిరితే సాలు" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"పుప్పొడి దాంట్లోనే ఉంటుంది కదండీ?" అన్నాను.

"ఉంటది మేడం. దేవునికి వెట్టినంక ఎట్ల తీస్త?"

వాళ్లమ్మ కర్పూరం వెలిగించి, దండం పెట్టుకుని, ఆ పువ్వు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "పెట్టింది దేవుడు ఉంచుకుంటడా? ప్రసాదం. తీస్కో."

రంగు ముదరాలని ఆయన ఆ పుప్పొడిని ఎర్ర తల్లి మొక్క పువ్వుకు అంటించారు. కుండీ కదలకుండా వాళ్లమ్మే పట్టుకుంది. తర్వాత పాత పచ్చ చీర అంచు చింపి ఆ కుండీకి కట్టి, "ఇగ దీన్ని నేను గూడ ముట్ట" అంది.

తిరుగు ప్రయాణం శామీర్‌పేట వైపు నుంచి చేశాను, కరీంనగర్ రోడ్డు మీద బస్సులకు కొదవ లేదు. ఆరేళ్లూ తల్లీకొడుకులు ఒకే పువ్వు కోసం చూశారు, ఎవరి లెక్క వాళ్లది. ఇద్దరిలో తప్పెవరిదో బస్సులో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు, తేల్చాలని కూడా అనిపించలేదు. ఇంటికొచ్చి నా వంకర పువ్వు మొక్కకు నీళ్లు పోశాను.

మీరూ వెళ్తే చలికాలంలో, ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. తోటలో పచ్చ చీర అంచు కట్టిన కుండీ కనిపిస్తే మాత్రం దూరం నుంచే చూడండి. ఈసారి దేవుడు కూడా ఆగుతున్నాడు.